ఇంటిపట్టున: బుజ్జి గది

పోయిన నెల గోంగూర కుండీల గురించి రాస్తే చాలామంది ఉత్తరాలు రాశారు. ఎర్ర గోంగూర విత్తనాల సంగతి అడిగినవాళ్ళకి వచ్చే నెల తప్పకుండా చెప్తాను. ఈసారి మాత్రం ఒకే ఒక్క ఉత్తరానికి జవాబు.

న్యూజెర్సీ నుంచి ఒకావిడ రాశారు. వాళ్ళబ్బాయికి ఐదేళ్ళు. లుకేమియా అని తేలి మూడు వారాలయింది. ఇంకో పదిరోజుల్లో ఇంటికి పంపిస్తారట. "మీరు ఇల్లు సర్దుకోవడం గురించి రాస్తుంటారు కదా, బాబు గది కాస్త హుషారుగా ఉండాలంటే ఏం చెయ్యాలో చెప్పగలరా? గోడలకి రాకెట్లు, గ్రహాలు వేయిద్దామనుకుంటున్నాం. ఖర్చు ఎక్కువ పెట్టలేం." అంతే, నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలు రాయడానికి ఆవిడకి ఎంతసేపు పట్టి ఉంటుందో నాకు తెలుసు.

ఈ శీర్షిక మొదలై రెండేళ్ళు దాటింది. పాత చీరలతో కర్టెన్లు, అటక లేని ఇంట్లో ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలి, వచ్చే పోయే చుట్టాలకి ఒకే గదిని ఎన్ని రకాలుగా వాడుకోవచ్చు, ఇలాంటివన్నీ రాశాను. మా ఇంట్లో ఒక్క గది గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు. మా అమ్మాయికి ఐదో ఏట ఇదే జబ్బు వచ్చింది. రెండేళ్ళ మూడు నెలలు మందులు వాడాం. ఇప్పుడు తనకి తొమ్మిదేళ్ళు. మూడో తరగతి, బాగుంది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం దిష్టి భయం అనుకోండి, ఇంకేమన్నా అనుకోండి. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివి దిష్టేమిటి అని నవ్వుకోకండి. నిన్న తననే అడిగాను, రాయనా అని. "నా పేరు వద్దు, బుజ్జి అని వెయ్యి" అంది. అందుకని ఇక్కడ తను బుజ్జి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

బుజ్జి మొదటిసారి ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. రేపు పంపిస్తామన్నారు అనగానే మా వారు, నలుగురు స్నేహితులు కలిసి రెండు రాత్రులు నిద్ర మానుకుని గది మార్చేశారు. మాది అద్దె ఇల్లు, డాలస్ శివార్లలో. ఓనర్‌కి సంగతి చెప్పి అనుమతి తీసుకుని గోడలకి పొద్దుతిరుగుడు పువ్వు పసుపు రంగు వేశారు. దాని మీద జిరాఫీలు, కోతులు, ఏనుగుల స్టిక్కర్లు. పైనుంచి కాగితపు తోరణాలు. మంచం నిండా అందరూ తెచ్చిన మెత్తటి బొమ్మలు, ముప్ఫై పైన ఉంటాయి. ఎవరు చూసినా కళ్ళు చెమర్చే గది అది. బుజ్జి వాళ్ళ నాన్న భుజం మీద నుంచి తల తిప్పి చూసింది. "నా గది ఏది?" అంది.

ఇదే నీ గది అన్నాం. మా స్నేహితులు హాల్లో ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు, వీడియో తీద్దామని. రంగు వాసనకి బుజ్జి అక్కడే వాంతి చేసుకుంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు మా మంచం మీదే పడుకుంది.

తప్పు ఎవరిదీ కాదు. అలాంటి సమయంలో చేతులు ఊరుకోవు. రక్తంలో జరిగేదాన్ని మనం బాగుచెయ్యలేం కాబట్టి గోడనైనా బాగుచేద్దామనిపిస్తుంది. కానీ ఆలోచించండి. పదకొండు రోజులు తెలియని మంచం, తెలియని మనుషులు, తెలియని వాసనలు. వాటన్నిటి మధ్యా ఆ పిల్ల తలుచుకున్నది తన పాత గదిని. లేత గులాబీ రంగు గోడ, అన్నయ్య పెన్సిల్‌తో గీసిన రైలు, చిరిగిన దుప్పటి. అవన్నీ మేమే తీసి పారేశాం. ఆ రైలు మీద కూడా పసుపు రంగు వేసేశారు.

కాబట్టి న్యూజెర్సీ అమ్మా, మీకు నా మొదటి మాట: ఈ పదిరోజుల్లో గోడల జోలికి వెళ్ళకండి. రంగు గంటలో ఆరిపోయినట్టే కనిపిస్తుంది గానీ, అందులోంచి ఆవిర్లు రోజుల తరబడి వస్తూనే ఉంటాయి. 'లో వీఓసీ' అని డబ్బా మీద రాసి ఉన్నవాటికి తక్కువ, అంతే. కీమో మొదలైన పిల్లల ముక్కు మనకంటే పదిరెట్లు చురుగ్గా ఉంటుందేమో అనిపిస్తుంది. మా ఇంట్లో ఇంగువ పోపు కూడా మూడు నెలలు బంద్ అయింది. బాబు వచ్చాక, కుదుటపడ్డాక, వాడినే అడిగి, వాడు వారం రోజులు వేరే గదిలో పడుకోగలిగినప్పుడు వేయించండి. రాకెట్లు ఎక్కడికీ పోవు.

ఆ పసుపు రంగుతో ఇంకో చిక్కు వచ్చింది. రెండో నెలలో ఒక సాయంత్రం ఆసుపత్రి నర్సుతో ఫోన్లో మాట్లాడుతున్నాను. కొన్ని మందులు కాలేయాన్ని ఇబ్బంది పెడతాయి కదా, "కళ్ళు పచ్చగా ఉన్నాయా?" అని అడిగింది. చూశాను. పచ్చగానే ఉన్నాయి. చెయ్యి చూశాను, అదీ పచ్చగానే ఉంది. నా చెయ్యి చూసుకున్నాను, అదీ అంతే! గోడ మీద పడిన వెలుగు ఆ రంగుతోనే తిరిగి వచ్చి ఒంటి మీద పడుతుంది. పైగా బల్బు కూడా పసుపు వెలుగుదే. పిల్లని ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తి, పగటి వెలుతురులో చూస్తే కళ్ళు మామూలుగానే ఉన్నాయి. ఈ పిల్లల్లో మనం రోజూ కనిపెట్టుకుని చూడాల్సినవి రంగులే. మొహం పాలిపోవడం, కళ్ళు పచ్చబడటం, చర్మం కింద గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు రావడం. వాటిని దాచేసే గది మనకి పనికిరాదు. తర్వాత మేం లేత తెలుపు వేయించాం. బల్బులు రెండు రకాలు పెట్టాం. పగలు, స్నానం తర్వాత ఒళ్ళు చూసుకోవడానికి 5000 కెల్విన్ తెల్ల బల్బు. డబ్బా మీద సీఆర్ఐ అని ఉంటుంది చూడండి, అది 90 పైన ఉన్నది కొనండి, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. రాత్రికి 2700 కెల్విన్ పసుపు దీపం, మంచానికి దూరంగా, తక్కువ వెలుగుతో. రాత్రిపూట తెల్ల వెలుగు నిద్రని చెడగొడుతుంది. ఆ ఇంట్లో నిద్ర ఎంత ఖరీదైన వస్తువో మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. బాబు మంచం మీద మీరు పడుకోండి. ఒక గంట. ఫోన్ లేకుండా. నేనది మూడో నెలలో గానీ చెయ్యలేదు. మనం గదిని గుమ్మంలో నిలబడి చూసి అలంకరిస్తాం. పిల్ల చూసేది వెల్లకిలా పడుకుని. అప్పుడు తెలిసింది, ఏసీ గాలి సరిగ్గా మొహం మీదకే కొడుతోందని, పొగ అలారం లైటు ముప్ఫై సెకన్లకోసారి మిణుక్కుమంటోందని, జిరాఫీలన్నీ తలవైపు గోడ మీద ఉన్నాయి కాబట్టి బుజ్జికి ఒక్కటీ కనబడదని. తనకి కనబడేది తెల్లటి సీలింగ్, అల్మరా తలుపు. కిటికీ కాళ్ళ పక్కన, పరదా వేసి ఉంది.

మంచం తిప్పి కిటికీ వైపు పెట్టాం. ఒక్క డాలరు ఖర్చు లేదు. కిటికీ గురించి చదువుకున్న సంగతొకటి అప్పుడే గుర్తొచ్చింది. 1984లో రోజర్ ఉల్‌రిక్ అనే ఆయన 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ పాత రికార్డులు తీసి చూశారు. 23 మందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, వాళ్ళలాంటి ఇంకో 23 మందికి ఇటుక గోడ కనబడేది. చెట్లు కనబడినవాళ్ళు కాస్త ముందుగా ఇంటికి వెళ్ళారు, బలమైన నొప్పి మందులు తక్కువ అడిగారు. వాళ్ళు పెద్దవాళ్ళు, జబ్బు వేరు, కాబట్టి కిటికీ పక్కన పడుకుంటే కౌంట్స్ పెరుగుతాయని నేను చెప్పడంలేదు. కానీ ఒక తల్లిగా ఆ 46 మంది లెక్క నాకు సరిపోయింది.

మా కిటికీలోంచి గొప్ప చెట్లేమీ లేవు. ఒక క్రేప్ మర్టిల్, దాని వెనక వీధి. అయితే మంగళవారం పొద్దున్న చెత్త లారీ వచ్చేది. ఇనప చెయ్యి చాచి డబ్బాని పట్టుకుని, ఎత్తి, బోర్లించి, మళ్ళీ కింద పెట్టే లారీ. బుజ్జికి అది పండగ. నాలుగో వారానికి ఆ డ్రైవర్ కిటికీలో బోడి తలని గమనించాడు. అప్పటినుంచి మా డబ్బాని రెండుసార్లు ఎత్తి దింపేవాడు. ఆయన పేరు కూడా నాకు తెలియదు. క్రిస్మస్‌కి ఒక డబ్బా సున్నుండలు ఇచ్చాం, ఏమనుకున్నాడో ఏమో.

అదే కిటికీలోంచి స్కూల్ బస్సు కూడా కనబడేది. పొద్దున్న 7:20కి. పక్కింటి పిల్ల, తన ఈడుదే, బ్యాగు వేసుకుని ఎక్కేది. రెండు రోజులు చూసి మూడో రోజు బుజ్జి గోడ వైపు తిరిగి పడుకుంది. నేనైతే మంచం మళ్ళీ తిప్పేద్దామనుకున్నాను. మా వారు బ్లైండ్స్ మార్చారు. తాడు లేనివి, చిన్న కర్రతో పడుకునే తిప్పుకునేవి. (చిన్నపిల్లలున్న గదిలో తాడున్నవి వద్దు, మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది.) ఆ కర్ర బుజ్జి చేతిలో పెట్టాం. 7:15కి మూసేది, 7:30కి తెరిచేది. కొన్ని నెలల తర్వాత మూయడం మానేసింది. ఎప్పుడు మానేసిందో మేం గమనించలేదు.

శుభ్రం గురించి మీకు డాక్టర్లు కాగితాలిచ్చే ఉంటారు, వాళ్ళు చెప్పిందే వేదం. నేను చదువుకున్న చదువు కొంచెం ఇక్కడ పనికొచ్చింది కాబట్టి రెండు ముక్కలు. కీమోకి తెల్లకణాలు పడిపోతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే తగ్గినప్పుడు చిన్న ఇన్ఫెక్షన్ కూడా పెద్దదవుతుంది. మట్టిలో, కుళ్ళే ఆకుల్లో ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలు గాల్లో తేలతాయి. మనం రోజూ పీలుస్తూనే ఉంటాం, మన తెల్లకణాలు వాటి పని పడతాయి. ఈ పిల్లలకి ఆ కాపలా ఉండదు. అందుకే గదిలో పూల గుత్తులు, కుండీలు వద్దు. నా గోంగూర కుండీలు, అత్తయ్యగారి తులసి కోట అన్నీ పెరట్లో ఆ మూలకి వెళ్ళిపోయాయి. నీళ్ళు పోసే పని నాది కాదు, మా వారిది. మెత్తటి బొమ్మలు మూడు ఉంచాం, బుజ్జే ఎంచుకుంది, అవి వారం వారం దుప్పటితో పాటు మెషీన్లో పడేవి. మిగిలినవి సంచుల్లో కట్టి గరాజ్‌లో పెట్టాం. హెపా ఫిల్టర్ ఉన్న గాలి యంత్రం ఒకటి కొన్నాం. నష్టం లేదు, ఫిల్టర్ వేళకి మార్చకపోతే లాభమూ లేదు.

ఇంకొక మాట చెప్పాలి. ఇది ఎవరన్నా నాకు మొదటి నెలలోనే చెప్పి ఉంటే బాగుండేది. ఎంత తుడిచినా, ఎన్నిసార్లు కడిగినా, జ్వరాలు వస్తాయి. వాటిలో చాలావరకు పిల్లల ఒంట్లోనే, పేగుల్లో, నోట్లో, చర్మం మీద మామూలుగా బతికే సూక్ష్మజీవుల వల్లే వస్తాయి. బుజ్జికి మొదటి జ్వరం వచ్చిన రాత్రి నేను ఆ గది నేలని రెండుసార్లు బ్లీచ్‌తో తుడిచాను, ఏం మిగిల్చానా అని. ఏమీ మిగల్చలేదు. మీరూ మిగల్చరు.

100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేసి బయల్దేరడమే కదా, అందుకు ఒక సంచి ఎప్పుడూ సర్ది ఉంచుకోవాలి. ఆ సంచి మాత్రం బాబు గదిలో పెట్టకండి. హాల్లో అల్మరాలో పెట్టండి. శానిటైజర్ సీసా, మాస్కుల పెట్టె, గ్లవ్స్, వాంతి గిన్నె, ఇవన్నీ అవసరమే. కానీ మంచం మీద నుంచి చూస్తే కనబడకూడదు. గుమ్మం బయట చిన్న స్టూలు, స్నానాలగదిలో ఒక అర, అక్కడ పెట్టుకోవచ్చు.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి. మొదటిదానికంటే పెద్దది.

రెండో నెలలో సైటారబిన్ అనే మందు, వరసగా నాలుగు రోజులు, ఇంటికే నర్సు వచ్చి తొడకి ఇంజెక్షన్ ఇచ్చేది. మొదటి రోజు ఆవిడ వచ్చేసరికి బుజ్జి నిద్రపోతోంది. నొప్పి తెలియకుండా గంట ముందే ఎమ్లా క్రీము రాసి ఉంచాను. "లేపడం ఎందుకు, నిద్రలోనే ఇచ్చేయండి" అన్నాను నేనే. సూది గుచ్చగానే కళ్ళు తెరిచింది. ఏడవలేదు. నా వైపు చూసింది.

ఆ రాత్రి ఆ గదిలో పడుకోనంది. మర్నాడూ అంతే. మా మంచం మీద పడుకున్నా, ఎవరు గదిలోకి వచ్చినా ఉలిక్కిపడి లేచేది. ఆసుపత్రిలో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ఒకావిడ ఉండేది. ఆటల ద్వారా పిల్లలకి వైద్యం గురించి చెప్పి భయం పోగొట్టడం వాళ్ళ ఉద్యోగం. ఆవిడకి చెప్తే, "ఇక్కడ మేం వీలైనంతవరకు సూదులు, డ్రెస్సింగులు వార్డు మంచం మీద చెయ్యం, వేరే గదికి తీసుకెళ్తాం, గమనించారా?" అంది. గమనించాను, ఎందుకో అడగలేదు. నొప్పి ఎక్కడ జరుగుతుందో పిల్లలకి తెలిసి ఉంటే, మిగతా చోట్ల నిశ్చింతగా ఉంటారట. మంచం నిశ్చింతగా ఉండాల్సిన చోటు.

ఆ సాయంత్రమే భోజనాల బల్ల దగ్గర ఒక నీలం కుర్చీకి 'మందుల కుర్చీ' అని పేరు పెట్టాం. మాత్రలు, ఇంజెక్షన్, పోర్ట్ మీద ప్లాస్టర్ పీకడం, ఏదైనా సరే అక్కడే. గదిలో ఏమీ జరగదని బుజ్జికి మాటిచ్చాం. రాత్రి జ్వరం చూడటం ఒక్కటే మినహాయింపు, అది కూడా ముందే చెప్పి, చంకలో థర్మామీటర్. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎంత కష్టపడ్డామో చెప్పలేను. నిద్ర మత్తులో ఉన్న పిల్లని ఎత్తుకుని కుర్చీ దాకా తీసుకెళ్ళి మాత్ర వేసిన రాత్రులు ఎన్నో. అత్తయ్యగారు, "మంచం మీదే వేస్తే పోయేదానికి ఇదేం చాదస్తమే" అన్నారు. రెండు వారాల తర్వాత బుజ్జి తనంతట తనే దిండు తీసుకుని తన గదిలోకి వెళ్ళి పడుకుంది. ఆవిడ మళ్ళీ ఆ మాట అనలేదు.

మీరు రాకెట్లు పెట్టకపోయినా ఫరవాలేదు, ఈ ఒక్కటీ చెయ్యండి.

అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చి ఆరు నెలలున్నారు. ఆవిడ లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమో. కానీ మంచానికి ఎదురుగా దేవుడి పటాలు వరసగా పెట్టి, పొద్దునా సాయంత్రం అగరుబత్తి వెలిగించేవారు. ఆ పొగకి బుజ్జికి వికారం. ఆవిడతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. బుజ్జే చెప్పింది, "నానమ్మా, వినాయకుడు ఒక్కడు చాలు, నా క్రేయాన్లు చూసుకుంటాడు" అని. మిగతా దేవుళ్ళు వంటింటి అరలోకి వెళ్ళారు, అగరుబత్తితో సహా. పూజ గంట మాత్రం గదిలోనే ఉండిపోయింది. రాత్రి పిలవాలంటే బుజ్జి అది కొట్టేది. స్టెరాయిడ్ల నెలలో అర్ధరాత్రి రెండింటికి గంట మోగిందంటే ముద్దపప్పు, నెయ్యి అన్నం అని అర్థం. ఇంకో గంటకి మళ్ళీ మోగేది. బేబీ మానిటర్ కంటే గంట మంచిదని నా అభిప్రాయం. మానిటర్‌లో వినేది మనం, గంట కొట్టేది వాళ్ళు.

విన్‌క్రిస్టిన్ మందుకి కాళ్ళు పట్టు తప్పుతాయి, పాదం ముందుకి వాలిపోతుంది, పిల్లలు తట్టుకుని పడతారు. కాబట్టి చిన్న చిన్న తివాచీలు తీసెయ్యండి, మంచం ఎత్తు తగ్గించండి, బాత్రూమ్ దాకా నేల మీద చిన్న దీపాలు పెట్టండి, అల్మరాలు గోడకి బిగించండి. వాళ్ళు నడిచేటప్పుడు ముందు పట్టుకునేది వాటినే.

అద్దం. జుట్టు రాలడం మొదలవగానే నేను గదిలో అద్దం తీసి దాచేశాను. రెండో రోజే అడిగింది, "అద్దం ఏది? నేను అంత బాగాలేనా?" అని. దానికి జవాబు నా దగ్గర లేదు. అద్దం తెచ్చి తనకి అందే ఎత్తులో మళ్ళీ తగిలించాం. పైన ఒక చిన్న తువ్వాలు వేలాడదీశాం. చూసుకోవాలనిపిస్తే తీస్తుంది, లేకపోతే వేస్తుంది.

మా బాబు సంగతి కూడా చెప్పాలి. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. ఇద్దరిదీ ఒకే గది. ఆ రెండు రాత్రుల హడావుడిలో వాడి మంచం తీసి హాల్లో పెట్టాం. వాడు ఒక్క మాట అనలేదు. అందరూ చెల్లెలికి బొమ్మలు తెస్తుంటే తలుపు తీసి చెప్పులు సర్దేవాడు. గోడ మీద రైలు వాడిదని చెప్పాను కదా. దాని గురించి కూడా ఏమీ అనలేదు. అన్నయ్య లేడని రాత్రి గంట కొట్టింది బుజ్జే. డాక్టర్‌ని అడిగాం, వాడికి జలుబు లేనప్పుడు, స్కూల్ నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకుంటే ఫరవాలేదన్నారు. వాడి మంచం తిరిగి లోపలికి వచ్చింది. తెల్ల రంగు వేయించాక, మొదటి రోజే పెన్సిల్ చేతికిచ్చి రైలు గీయమన్నాం. ఈసారి చాలా పెట్టెలు పెట్టాడు.

మరి చివరికి ఆ గది ఏ థీమ్ అని అడుగుతారు. రాకుమారి కాదు, అడవి కాదు. కిరాణా కొట్టు! ఒకరోజు "నీ గది ఎలా ఉండాలి?" అని అడిగితే (మూడు నెలలు పట్టింది నాకు ఆ ప్రశ్న అడగడానికి) "ఇండియన్ స్టోర్" అంది. స్టెరాయిడ్ల ఆకలిలో ఉన్న పిల్ల ఇంకేం కోరుకుంటుంది. మంచం పక్కన, కూర్చుంటే అందే ఎత్తులో రెండు అరలు బిగించాం. ఖాళీ మ్యాగీ పెట్టెలు, పార్లే-జీ, పులిహోర పొడి, రవ్వ, తుడిచి పెట్టుకునేవన్నీ. స్నేహితులు ఏం తేవాలి అని అడిగితే ఖాళీ పెట్టెలు తెమ్మనేవాళ్ళం. నానమ్మ గిరాకీ. కందిపప్పు దగ్గర ఇద్దరూ అరగంట బేరమాడేవాళ్ళు. బాబు లెక్కలు రాసేవాడు. అమ్మిన ప్రతిసారీ మంచం దిగి, నాలుగడుగులు నడిచి సరుకు అందించాలి. ఫిజియోథెరపీ ఆవిడ చేయమన్న నడక అదే, బుజ్జికి ఆ సంగతి తెలియదు.

తలుపుకి ఒక బోర్డు కట్టింది. ఒకవైపు ఓపెన్, ఒకవైపు క్లోజ్డ్. తనే రాసింది, 'క్లోజ్డ్'లో ఒక అక్షరం తక్కువ. క్లోజ్డ్ అని ఉంటే ఎవరూ వెళ్ళకూడదు. చూడ్డానికి వచ్చిన స్నేహితులు, చుట్టాలు, నేను కూడా. ఒళ్ళు బాగాలేని రోజుల్లో, ఏడవాలనిపించిన రోజుల్లో అది తిప్పేది. ఆసుపత్రిలో ఎవరైనా ఎప్పుడైనా వచ్చి ఏదైనా చేస్తారు, వద్దనడానికి లేదు. ఇంట్లో ఒక్క తలుపు ఉంది, అది తన మాట వింటుంది. అత్తయ్యగారి తరఫు పెద్దాయన ఒకరు హ్యూస్టన్ నుంచి అంత దూరం కారు నడుపుకుంటూ వచ్చి, బోర్డు చూసి, హాల్లో కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఏమీ అనుకోలేదాయన. మర్నాడు ఫోన్ చేసి "మీ కొట్టు ఎన్నింటికి తెరుస్తారమ్మా?" అని బుజ్జినే అడిగారు.

అందరి ఇళ్ళలోనూ ఇలాగే జరుగుతుందని రాయలేను. మా వార్డులోనే పరిచయమైన ఒక కుటుంబం ఉండేది. వాళ్ళ బాబుకి మందులు పనిచెయ్యలేదు. ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు, పైన మేడ మీద వాడికోసం అందమైన గది ఉంది. వాడు అందులో ఉండనన్నాడు. హాస్పిస్ వాళ్ళు తెచ్చిన మంచాన్ని కింద టీవీ ఎదురుగా వేశారు. నాన్న ఆఫీసు కాల్స్, అమ్మ కుక్కర్ విజిల్స్, చెల్లెలి అల్లరి, క్రికెట్, వాటన్నిటి మధ్యలో. అదే వాడికి కావాల్సిన గది. నేను చూసిన వాటిలో అంత సందడిగా ఉన్న గది ఇంకోటి లేదు.

ఖర్చు గురించి రాశారు కదా. మీ ఆసుపత్రి సోషల్ వర్కర్‌ని అడగండి, మొహమాటపడకండి. అమెరికాలో స్పెషల్ స్పేసెస్ అనే సంస్థ జబ్బుపడిన పిల్లలకి పడకగదులు తయారుచేసి ఇస్తుంది. 1980లో ఆరిజోనాలో మొదలైన మేక్-ఎ-విష్ గురించి మీరు వినే ఉంటారు. ఎవరు వచ్చి చేసినా బాబుని పక్కన కూర్చోబెట్టుకుని అడిగి చేయమనండి. ఐదేళ్ళ పిల్లలకి ఏం కావాలో తెలుస్తుంది. మనం అనుకున్నదే కావాలంటాడని మాత్రం అనుకోకండి. గ్రహాలు వద్దు, చెత్త లారీ కావాలనొచ్చు.

ఈ ఉత్తరం సంగతి బుజ్జికి చెప్పి, నీ కొట్టు పెట్టెలు ఇంకా గరాజ్‌లో ఉన్నాయి కదా, వాళ్ళకి పంపిద్దామా అన్నాను. కాసేపు ఆలోచించింది. "అవి నావి. వాడికి ఏం కొట్టు కావాలో ముందు అడగమను" అని లోపలికి వెళ్ళి బోర్డు తిప్పేసింది. హోమ్‌వర్క్ ఎగ్గొట్టడానికి ఇప్పటికీ అదే వాడుతుంది.

మీ అబ్బాయిని అడిగి రాయండి. వచ్చే నెల గోంగూర విత్తనాలతో కలుద్దాం.